పలుగురాయి నుంచి తల జుట్టు దాకా

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాల్లో మిర్చికి, పత్తికి మందు కొట్టేటప్పుడు నీళ్లలో కాస్త స్ప్రెడర్ కలుపుతుంటారు. దానివల్ల చుక్క ఆకు మీంచి జారిపోకుండా పల్చగా పరుచుకుంటుంది. వీటిలో బాగా పనిచేసేవి సిలికోన్ జాతివి. అదే ఊరి ఫ్యాన్సీ షాపులో దొరికే షాంపూ, సీరమ్ వెనక 'డైమెథికోన్' అని కనిపిస్తుంది. చుట్టాలే, కానీ ఒకటి కావు. స్ప్రెడర్‌కు నీటితో కలిసే తోక అతికిస్తారు, డైమెథికోన్‌కు అది ఉండదు.

ఈ సిలికోన్‌లకు ముడిసరుకు పలుగురాయి. బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో సుమారు 2000 డిగ్రీల దగ్గర కాలిస్తే సిలికాన్ అనే మూలకం వస్తుంది. అక్కడి నుంచి సిలికోన్‌కు దారి దొరకడానికి ఏళ్లు పట్టింది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కిప్పింగ్ దాదాపు నలభై ఏళ్లు సిలికాన్ సమ్మేళనాలతోనే గడిపాడు. పాత్రల్లో మిగిలే జిగురు ఆయనకు విసుగే తెప్పించింది. ఈ రంగంలో త్వరలో పెద్ద ముందడుగు పడుతుందన్న ఆశ లేదని 1937లో అన్నాడు. సుమారు మూడేళ్లకే, 1940లో, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో యూజీన్ రోకో ఆ దారి తెరిచాడు. రాగి కలిపిన సిలికాన్ పొడి మీదుగా సుమారు 300 డిగ్రీల వేడిలో మిథైల్ క్లోరైడ్ వాయువును పంపాడు. అలా వచ్చిన ద్రవం నీటితో చర్య జరిపితే సిలికోన్. ఆ జిగురే యుద్ధ విమానాల ఇగ్నిషన్‌కు తేమ తగలకుండా కాపాడింది. 1950ల్లో చేతి క్రీముల్లోకి, 1980ల్లో కండిషనర్ కలిసిన షాంపూల్లోకి వచ్చింది.

డైమెథికోన్ పనితనమంతా దాని నిర్మాణంలోనే ఉంది. సిలికాన్, ఆక్సిజన్ ఒకదాని వెంట ఒకటిగా పొడవాటి గొలుసు. చుట్టూ ఉన్న మిథైల్ సమూహాలు నీటిని దగ్గరికి రానివ్వవు. గొలుసు ఎటు పడితే అటు మెలి తిరుగుతుంది, అందుకే ఆ జారుడు. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఉంటుంది. అవి లేచినచోట దువ్వెన ఇరుక్కుంటుంది. డైమెథికోన్ వాటిని కప్పి నునుపు చేస్తుంది. చర్మం మీదైతే తడి ఆరిపోకుండా ఆపుతుంది. అంతవరకే. చిట్లిన జుట్టును అది అతికించదు. ప్రకటనల్లో వినిపించే 'రిపేర్' మాటను నేను ఒప్పుకోను.

ప్రమాదమా? అణువు చాలా పెద్దది, చర్మంలోకి ఇంకదు. చర్మరక్షణ మందుల్లో 1 నుంచి 30 శాతం దాకా దీన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిస్తోంది. కడుపుబ్బరానికి తాగే సిరప్‌లోని సైమెథికోన్ కూడా డైమెథికోన్‌కు సిలికా కలిపినదే. చూసుకోవలసింది దీని చిన్న బంధువులను, అంటే ఉంగరంలా చుట్టుకున్న డి4, డి5లను. సంతానశక్తిని దెబ్బతీయవచ్చన్న అనుమానంతో సౌందర్య సాధనాల్లో డి4ను యూరప్ నిషేధించింది. డి5 నీటివనరుల్లో పేరుకుపోతుందని, కడిగేసే ఉత్పత్తుల్లో 2020 నుంచి 0.1 శాతం దాటనివ్వడం లేదు. లేబుల్ మీద ఇవి 'సైక్లో'తో మొదలయ్యే పేర్లతో ఉంటాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఇదంతా పైన రాసుకునే సిలికోన్ సంగతి. అందం కోసమని ఒంట్లోకి సిలికోన్ ద్రవాన్ని సూదితో ఎక్కిస్తామంటే ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. అది రక్తనాళాల్లోకి చేరితే ప్రాణాలే పోవచ్చు.