పూర్ణజాగ్రత్త: 2 పేతురు 1:3-15లో దేవుని మహిమపరచు శ్రద్ధ

"జాగ్రత్త" అనే మాట నేటి తెలుగు విశ్వాసి చెవికి హెచ్చరికగా వినిపిస్తుంది. "రోడ్డు మీద జాగ్రత్త", "వానితో జాగ్రత్త" అని రోజూ అనుకొనే మాట అది. కనుక 2 పేతురు 1:5లో "పూర్ణజాగ్రత్తగలవారై" అని చదివినప్పుడు, పాపంలో పడకుండా ఆచితూచి నడవమని అపొస్తలుడు చెప్పుచున్నాడని చాలామంది గ్రహిస్తారు. మన ప్రసంగాలు కూడా ఈ అపార్థాన్ని పెంచాయి. ఈ వచనం మీద ప్రసంగం చేయకూడని పనుల పట్టికగా ముగియడం తరచుగా వింటున్నాం. అపొస్తలుడు ఇక్కడ చెప్పుచున్నది తప్పించుకొనుటను గూర్చి కాదు, పూనుకొనుటను గూర్చి.

మూలంలో ఉన్న మాట "స్పూడే". త్వరపడుట అనే అర్థమిచ్చే ధాతువు నుండి వచ్చింది. ఒక పనిని ముఖ్యమని యెంచి, ఆలస్యం చేయక, మనస్సు పెట్టి చేయడం దీని భావం. మన అనువాదకులను తప్పు పట్టనక్కరలేదు. "జాగ్రత్" అనగా మేలుకొనియుండుట. సంస్కృతంలోని ఆ అర్థాన్ని ఎరిగినవారికి ఈ మాట చక్కగా సరిపోతుంది. వాడుకలో మాట అర్థం జారిపోయింది, అంతే. మన బైబిలులోనే ఈ పదం రోమా 12:8లో "జాగ్రత్త" అనియు, మూడు వచనాల తరువాత 12:11లో "ఆసక్తి" అనియు కనబడుతుంది. దీని క్రియారూపం 2 తిమోతి 2:15లో "జాగ్రత్తపడుము" అయితే, 4:9లోను 4:21లోను "ప్రయత్నము" అయింది. శీతకాలం రాకమునుపే రమ్మని చెరసాలలోని పౌలు తిమోతిని బతిమాలుకొన్నప్పుడు వాడిన మాటయే, వాక్యమును సరిగా ఉపదేశించే పనివానిగా ఉండుమని చెప్పినప్పుడు కూడా వాడాడు. (2:15లో కింగ్ జేమ్స్ బైబిలు "స్టడీ" అన్నందున, అది పుస్తకాలు చదువుమనే ఆజ్ఞయని మన విద్యార్థులు కొందరు అనుకుంటారు. 1611 నాటి ఇంగ్లీషులో ఆ మాటకు పాటుపడుట అనే అర్థం కూడా ఉండేది. పరీక్షల కాలంలో ఈ వచనం ఉపయోగపడుతుందిగాని, పౌలు ఉద్దేశం అది కాదు.)

అయితే ఈ శ్రద్ధ కృపకు పోటీ కాదా? ఇదే అసలు ప్రశ్న. ఒకవైపు "అంతా కృపయే" అని చెప్పి ప్రార్థనను, వాక్యపఠనాన్ని, క్రమశిక్షణను ధర్మశాస్త్రసంబంధమైనవని తోసివేసేవారున్నారు. మరొకవైపు ఉపవాస దినాలను, కూటాల సంఖ్యను లెక్కగట్టి తమ భక్తిని చూపించుకొనేవారున్నారు. నా దృష్టిలో రెండవ ప్రమాదం సేవకులమైన మనకే ఎక్కువ. మన పని నలుగురి యెదుట జరుగుతుంది గదా.

పేతురు వాక్యక్రమాన్ని గమనించాలి. జీవమునకు, భక్తికి కావలసినవన్నీ దేవుని శక్తి మనకు ఇచ్చివేసింది (1:3). "ఆ హేతువుచేతనే" శ్రద్ధ వహించాలి (1:5). ఇచ్చాడు గనుక పాటుపడుదుము. పాటుపడితే ఇస్తాడని కాదు. ఐదవ వచనంలోని "అమర్చుకొనుడి" అనే క్రియకు వెనుక "ఖోరేగోస్" అనే మాట ఉంది. ఏథెన్సులో పండుగ నాటకాలకు గాయకబృందాన్ని సిద్ధపరచే ఖర్చంతా ఒక ధనవంతుడు భరించేవాడు. శిక్షణ, దుస్తులు మొదలైనవన్నీ అతని మీదనే. మన ఊళ్ళలో నాటకం ఆడించే పెద్దమనిషి వంటివాడనుకోవచ్చు. కాలక్రమంలో ఆ మాటకు ధారాళంగా సమకూర్చుట అనే అర్థం స్థిరపడింది. కనుక విశ్వాసమునందు సద్గుణమును అమర్చుకొనుట పిసినారితనంతో చేసే పని కాదు.

ఇక్కడ తెలుగులో కనబడని బంధమొకటి ఉంది. పదకొండవ వచనంలో నిత్యరాజ్యప్రవేశం సమృద్ధిగా "అనుగ్రహింపబడును" అన్నచోట మూలంలో ఉన్నది అదే క్రియ. మనం అమర్చుకొనేదానికంటె ముందు ఆయన ఇచ్చాడు, తరువాతను ఆయనే ఇస్తాడు. 1 పేతురు 4:11లో దీనికి మూలమైన క్రియయే ఉపచారము చేయువానికి దేవుడు సామర్థ్యమును అనుగ్రహించుటను గూర్చి వాడబడింది. అన్నిటిలోను దేవుడు మహిమపరచబడుట దాని ఫలితమని వెంటనే చెప్పబడింది. ఖర్చు భరించినవానికే ఘనత చెందుతుంది. విశ్వాసి శ్రద్ధ దేవునికి మహిమ తెచ్చే విధానమిదే. మూడవ వచనంలో దేవుని మహిమతో జోడించిన "అరెటే" (గుణాతిశయము), ఐదవ వచనంలో విశ్వాసి మొదట అమర్చుకొనవలసిన సద్గుణము ఒకే పదం. పిలిచినవాని గుణం పిలువబడినవానిలో కనబడాలి.

ఎనిమిదవ వచనంలో "సోమరులు" అన్న పదం పని లేనివారికే గాక, సాగుచేయని బీడుభూమికి కూడా వాడబడేది. భూమి మన స్వంతమే, విత్తనం కూడా చేతిలో ఉంది, అయినా దుక్కి లేదు. దీనికి కారణమేమిటి? విశ్వాసులకు పట్టుదల లేదని మనం గద్దిస్తాం. పేతురు అలా చెప్పలేదు. ఇవి లేనివాడు తన పూర్వపాపములకు శుద్ధి కలిగిన సంగతి మరచిపోయాడని చెప్పాడు (1:9). నిర్లక్ష్యానికి వేరు మరపులో ఉన్నది. ఆదివారమంతా గద్దించి పంపితే, క్షమాపణను మరచిపోయినవాడు సోమవారానికి మరింత నీరసిస్తాడు.

అందుచేతనే తరువాతి వచనాలలో అపొస్తలుడు గద్దింపు పెంచక, జ్ఞాపకము చేయుటను గూర్చి మూడుసార్లు మాటలాడాడు (1:12, 13, 15). తన గుడారము త్వరగా విడిచిపెట్టవలసివస్తుందని ఎరిగినవాడై, తాను వెళ్ళిపోయిన తరువాత కూడా వారు వీటిని జ్ఞాపకము చేసికొనునట్లు పాటుపడతానన్నాడు. ఆ పదిహేనవ వచనంలోని క్రియ కూడా "స్పూడే" నుండి వచ్చినదే. సంఘానికి ఏ శ్రద్ధను ఆజ్ఞాపించాడో దానిని తనకు కూడా వర్తింపజేసికొని, మిగిలిన కొద్ది దినాలను ఆయన వారికి తెలిసిన సంగతులనే మరల చెప్పుటకు ఖర్చుపెట్టాడు.