హెడ్‌లైటుపై పడ్డ రంగుకు థిన్నరు మందు కాదు

నాతవరం: దసరా దగ్గర పడితే ఆటోలకు, జీపులకు కొత్త రంగు వేయించడం మామూలే. ఆయుధపూజ నాటికి బండి మెరిసిపోవాలి. అయితే గన్నుతో రంగు కొట్టేటప్పుడు తుంపర్లు హెడ్‌లైట్ల మీద కూడా పడతాయి. వాటిని వదిలించబోయి థిన్నరు గుడ్డతో తుడిచి, ఉన్న దీపాన్నే పాడు చేసుకునేవారు ఉన్నారు.

పాత అంబాసిడర్ కార్లకు, జీపులకు దీపం ముందు గాజు ఉండేది. థిన్నరు తగిలినా గాజుకు ఏమీ అయ్యేది కాదు. ఆ అలవాటే ఇప్పుడు చేటు తెస్తోంది. నేటి కార్లలో చాలావాటికి దీపం ముందున్నది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. 1953లో జర్మనీలో కనిపెట్టిన ఈ ప్లాస్టిక్ దెబ్బకు ఓర్చుకుంటుంది గాని థిన్నరు, అసిటోన్, పెట్రోలు తగిలితే మసకబారి సన్నని బీటలు తీస్తుంది. చుట్టూ ఉండే చట్రం ఏబీఎస్ ప్లాస్టిక్‌ది అయితే అసిటోన్‌కు కరిగిపోతుంది. బీటలు తీసిన దీపం మళ్లీ బాగుపడదు. గోటితో తట్టి చూస్తే గాజేదో, ప్లాస్టిక్కేదో తెలిసిపోతుంది.

మరి రంగు వదిలేదెలా? బండిని నీడన నిలిపి, దీపం ఆర్పి, చల్లారనివ్వాలి. ముందు సబ్బునీళ్లతో కడగాలి. వదలకపోతే సీసా మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని రాసి ఉన్న స్పిరిట్‌ను మెత్తని గుడ్డకు అద్ది, మొదట ఒక మూల పరీక్షించి, తర్వాత మెల్లగా తుడవాలి. స్పిరిట్‌కు నిప్పు అంటుకుంటుంది కనుక బీడీ, చుట్ట దగ్గరకు రానీయరాదు. మెత్తబడిన రంగును పాత ప్లాస్టిక్ కార్డుతో గీకాలి. బ్లేడు వాడరాదు. అప్పటికీ మిగిలితే 2000, ఆపై 3000 నంబరు వాటర్ పేపరును నీటిలో తడిపి రుద్ది, పాలిష్ పెట్టించాలి. రుద్దితే ఎండను ఆపే పైపూత పోతుంది. మళ్లీ క్లియర్ కోటు వేయించకుంటే దీపం పసుపుబారుతుంది.

ఇది అందం కోసం మాత్రమే కాదు. రాత్రి వేళ 155 మీటర్ల దూరాన ఉన్న మనిషి, బండి స్పష్టంగా కనిపించేంత వెలుతురు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. నాతవరం నుంచి నర్సీపట్నం వైపు, తుని వైపు చీకట్లో వెళ్లే బండికి ఎదురయ్యే పశువులకు, ఎడ్లబండ్లకు వెనుక దీపం ఉండదు. మసక దీపంతో వెళ్తే దగ్గరకొచ్చే దాకా అవి కనిపించవు.

రంగు వేయించే ముందే హెడ్‌లైట్లకు పాత పేపరు చుట్టి టేపు అంటిస్తే ఈ బాధే ఉండదు.