పంపిన మెయిల్ 550 ఎర్రర్‌తో వెనక్కి వస్తోందా? తాండూరు కేసుతో పూర్తి వివరణ

మెయిల్ స్పామ్‌లో పడటం వేరు, బ్లాక్ అవ్వడం వేరు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. అందుకే "స్పామ్ ఫోల్డర్ చెక్ చేయండి" అని అవతలివాళ్లకు చెప్పి ఊరుకుంటారు. స్పామ్‌లో పడిందంటే మెయిల్ అవతలి సర్వర్‌లోకి చేరినట్టే, కాకపోతే వేరే డబ్బాలో వేశారు. బ్లాక్ అయిందంటే గేటు దగ్గరే ఆపేశారు. అప్పుడు అవతలివాళ్ల ఫోన్‌లో ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే అది అక్కడికి రానే లేదు.

ఇది రాయడానికి కారణం మా చిన్నాయన. ఆయనకు తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. తాండూరు నీలం బండ, పసుపు బండ అంటే మన దగ్గర తెలియని మేస్త్రీ ఉండడు కదా, ఆ వ్యాపారమే. సొంత డొమైన్ పేరుతో ఒక మెయిల్ ఐడీ పెట్టుకుని బిల్డర్లకు కొటేషన్లు పంపుతుంటాడు. నేను ఉండేది వికారాబాద్‌లో. శనివారం పొద్దున ఫోన్ చేసి, "అరే, పదిహేను దినాల సంది ఒక్కరు జవాబు ఇస్తలేరు. అడిగితే మెయిలే రాలేదంటున్నరు. సోమవారం లోపల రేటు పోకపోతే పెద్ద ఆర్డర్ పోతదిరా" అన్నాడు. వెంటనే ట్రైన్ ఎక్కేశా.

ఆయన మెయిల్‌బాక్స్‌లో 'మెయిలర్ డెమన్' పేరుతో ఏమైనా వచ్చాయా అని అడిగా. "వచ్చినయి, వైరస్ అనుకొని అన్నీ డిలీట్ కొట్టిన" అన్నాడు! ఫ్రెండ్స్, ఆ పేరు చూసి భయపడకండి. మెయిల్ ఎందుకు ఆగిందో సర్వర్ రాసి పంపే ఉత్తరం అది. కాకపోతే ఆ పేరుతో ఫేక్ మెయిల్స్ కూడా వస్తుంటాయి కాబట్టి లోపలి లింకులు, అటాచ్‌మెంట్లు నొక్కకండి. మనకు కావాల్సింది నంబర్ మాత్రమే.

ఆ నంబర్‌ను ఇలా చదవాలి. 4తో మొదలైతే తాత్కాలికం, "ఇప్పుడు కాదు, తర్వాత రా" అని అర్థం. మన సర్వర్ దానంతట అదే మళ్లీ ట్రై చేస్తుంది. 5తో మొదలైతే ఇక తీసుకోనని చెప్పేసినట్టు. దాని పక్కనే ఇంకో కోడ్ ఉంటుంది. 5.1.1 అంటే ఆ అడ్రస్ లేదు, స్పెల్లింగ్ చూసుకోవాలి. 5.2.2 అంటే అవతలి మెయిల్‌బాక్స్ నిండిపోయింది. 5.7తో వస్తే మాత్రం సెక్యూరిటీ లేదా పాలసీ సమస్య, స్పామ్ ఫిల్టర్ల గొడవ ఎక్కువగా ఇక్కడే. చిన్నాయన ట్రాష్‌లోంచి తీసిన మెయిల్‌లో ఉన్నది 550, దాని పక్కన 5.7.26. అంటే పంపినవాడు నిజంగా ఆ డొమైన్ మనిషేనని రుజువు కాలేదు.

రుజువు ఏంటి అంటారా? ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు ఉంటాయి. చిన్నాయనకు ఈ-వే బిల్లుతో పోల్చి చెబితే నాకంటే ముందే అర్థమైపోయింది. బండల లోడ్ బయల్దేరితే ఈ-వే బిల్లులో లారీ నంబర్ ఉండాలి. దారిలో ఆపినవాళ్లు బిల్లులోని నంబరూ, లారీ నంబరూ ఒకటేనా అని చూస్తారు. ఎస్‌పీఎఫ్ అదే. "మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ ఈ సర్వర్లకే ఉంది" అని డీఎన్‌ఎస్‌లో పెట్టే లిస్టు. డీకిమ్ అంటే లోడ్ మీద వేసే సీలు. సర్వర్ ప్రతి మెయిల్‌కూ డిజిటల్ సంతకం పెడుతుంది, దారిలో ఎవరైనా మార్చితే సీలు పగిలినట్టు తెలిసిపోతుంది. డీమార్క్ యజమాని ఇచ్చే ఆర్డర్ లాంటిది. పైన కనిపించే 'ఫ్రమ్' పేరుకీ, ఈ రెండు పరీక్షలు పాసైన డొమైన్‌కీ పొంతన లేకపోతే ఏం చేయాలో చెబుతుంది: వదిలేయాలా, స్పామ్‌లో వేయాలా, తిప్పి పంపాలా.

ఈ పొంతన ఎందుకంటే, ఎస్‌పీఎఫ్ చూసేది మనకు కనిపించే 'ఫ్రమ్' అడ్రస్‌ను కాదు, వెనకాల ఉండే రిటర్న్ అడ్రస్‌ను. డీమార్క్ లేకపోతే ఎవడైనా తన సొంత డొమైన్‌తో ఎస్‌పీఎఫ్ పాసై, పైన మాత్రం మీ బ్యాంకు పేరు పెట్టుకోవచ్చు.

ఇన్నాళ్లూ ఇవి లేకపోయినా బండి నడిచింది. 2023 అక్టోబర్‌లో గూగుల్, యాహూ కొత్త రూల్స్ ప్రకటించి, 2024 ఫిబ్రవరి నుంచి అమలు మొదలుపెట్టాయి. జీమెయిల్‌కు పంపే ప్రతి ఒక్కరికీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాల్సిందే. రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకైతే మూడూ కావాలి, పైగా జనం స్పామ్ అని నొక్కే రేటు 0.3 శాతానికి చేరకూడదు. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్ డాట్ కామ్ అడ్రస్‌లకు భారీగా పంపేవాళ్ల మీద ఇలాంటి రూల్సే పెట్టింది. నా లెక్కలో ఇది మంచి మార్పే. కానీ పది మెయిల్స్ పంపుకునే చిన్న వ్యాపారికి ఈ విషయం ఎవరూ చెప్పలేదు, అదే బాధ.

మరి చిన్నాయన దగ్గర ఏం జరిగింది? డీఎన్‌ఎస్ చెక్ చేసే వెబ్‌సైట్లు ఫ్రీగానే ఉన్నాయి, ఫోన్‌లోనే ఓపెన్ చేసి ఆయన డొమైన్ కొట్టి చూశా. ఎస్‌పీఎఫ్ ఉంది, కానీ అందులో ఉన్నది పాత హోస్టింగ్ సర్వర్. వెబ్‌సైట్ చేసిచ్చిన అతను ఈ మధ్యే దాన్ని వేరే హోస్టింగ్‌కు మార్చాడు. లోడ్‌ను ఇంకో లారీలోకి ఎక్కించి బిల్లులో నంబర్ మార్చలేదన్నమాట. డీకిమ్ అసలే లేదు. సీలూ లేదు, నంబరూ కలవదు, ఇక గేటు ఎవరు తీస్తారు?

ముందు సోమవారం గడువు సంగతి చూడాలి కదా. కొటేషన్ పీడీఎఫ్‌ను ఆయన పర్సనల్ జీమెయిల్ నుంచి పంపించి, బిల్డర్‌కు ఫోన్ చేసి అందిందని కన్ఫర్మ్ చేసుకున్నాం. ఆ తర్వాతే రిపేరు పని.

ఎస్‌పీఎఫ్‌లో పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టాం. ఇక్కడ ఒక జాగ్రత్త: పాత రికార్డును ఎడిట్ చేయాలి తప్ప పక్కన ఇంకొకటి చేర్చకూడదు. ఒకే డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉంటే పరీక్ష ఎర్రర్ అయిపోతుంది, అంటే ఒకటి కూడా లేనంత పని. అలాగే ఒక రికార్డు వల్ల జరిగే డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. న్యూస్‌లెటర్ టూల్, బిల్లింగ్ యాప్, ఇంకేదో అని చేర్చుకుంటూ పోయేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. తర్వాత హోస్టింగ్ ప్యానెల్‌లో డీకిమ్ ఆన్ చేసి, అది ఇచ్చిన పొడవాటి కీని డీఎన్‌ఎస్‌లో టెక్స్ట్ రికార్డుగా అతికించాం. చివరగా డీమార్క్‌ను 'నన్' పాలసీతో పెట్టాం. అంటే ఏమీ ఆపొద్దు, రిపోర్టులు మాత్రం పంపమని. మొదటి రోజే 'రిజెక్ట్' పెడితే మన సొంత మెయిల్సే మనం ఆపుకున్నట్టవుతుంది. కొన్ని వారాలు రిపోర్టులు చూశాకే కఠినం చేయాలి.

డీఎన్‌ఎస్ మార్పు అన్ని చోట్లా కనిపించడానికి కొంత టైమ్ పడుతుంది. సాయంత్రం నా జీమెయిల్‌కు టెస్ట్ మెయిల్ పంపించి, కంప్యూటర్‌లో మూడు చుక్కల మెనూలోంచి 'షో ఒరిజినల్' నొక్కా. ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్. ఈ ఆప్షన్ ఫోన్ యాప్‌లో కోసం వెతక్కండి, బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ మోడ్‌లో తెరిస్తే వస్తుంది.

మూడూ పాసైనా ఒక బిల్డర్ కంపెనీ సర్వర్ మాత్రం ఇంకా తిప్పి పంపింది. ఈసారి ఎర్రర్‌లో ఐపీ అడ్రస్, ఒక బ్లాక్‌లిస్ట్ పేరు ఉన్నాయి. చవక హోస్టింగ్‌లో ఒకే ఐపీని చాలా సైట్లు పంచుకుంటాయి. వాటిలో ఒకటి హ్యాక్ అయి స్పామ్ పంపినా మచ్చ అందరికీ అంటుతుంది. స్పామ్‌హాస్ లాంటి సంస్థలు ఇలాంటి ఐపీల లిస్టులు నడుపుతాయి, వాళ్ల సైట్‌లో మన ఐపీ ఉందో లేదో ఫ్రీగా చూసుకోవచ్చు. అయితే ఐపీ హోస్టింగ్ వాళ్లది కాబట్టి, లిస్టులోంచి తీయించాల్సింది కూడా వాళ్లే. బౌన్స్ మెయిల్ మొత్తాన్ని కాపీ చేసి టికెట్ పెట్టాం, రెండు రోజులకు వేరే ఐపీకి మార్చారు. డబ్బు తీసుకుని బ్లాక్‌లిస్ట్‌లోంచి తీసేస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి, స్పామ్‌హాస్ దానికి పైసా తీసుకోదు.

బ్లాక్ అవ్వడానికి అటాచ్‌మెంట్ కూడా ఒక కారణం. మనలో యాప్‌లు చేసేవాళ్లు ఏపీకే ఫైల్ మెయిల్ చేస్తుంటారు కదా, జీమెయిల్ దాన్ని ఒప్పుకోదు, జిప్‌లో దాచినా పట్టేస్తుంది. డ్రైవ్ లింక్ ఇవ్వడమే మేలు.

ఇంకొకటి, ఫిల్టర్ అనుకుంటే ఫిల్టర్ కానిది. వికారాబాద్‌లో నా ఫ్రెండ్‌కు ఇంటర్వ్యూ మెయిల్స్ ఆగిపోయాయి. స్పామ్ ఖాళీ, బ్లాక్ లిస్టు ఖాళీ. చూస్తే 15 జీబీ స్టోరేజ్ ఫుల్! 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలోంచే పోతుంది. అనంతగిరి ట్రిప్పుల 4కే వీడియోలే సగం మింగేశాయి. అవి తీసేశాక కొత్త మెయిల్స్ రావడం మొదలైంది. కానీ ఒకసారి బౌన్స్ అయినవి వాటంతట అవి మళ్లీ రావు, అందుకే హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి మళ్లీ పంపమని అడిగాడు.