రాడారు తెరపై మాయచుక్కలు

పొయ్యిమీద పాలుంచి, వీధివాకిట నెవరో పిలిచినట్లు తోచి వెడలి, అచ్చట నెవరును లేకుండుట చూచి మరలివచ్చునప్పటికి పాలు పొంగిపోవుట యెరుగని గృహిణి యుండదు. పిలుపు మిథ్యయే, పోయిన పాలు మాత్రము నిజము. విమానాశ్రయపు నియంత్రణ గోపురములలో పనిచేయువారి కష్టమును సోదరీమణు లీ చిన్న యుపమానమువలన గ్రహింపవచ్చును. అచ్చట పోవునవి మనుష్యుల ప్రాణములు.

రాడారు యంత్రము రేడియో తరంగములను పంపి, అవి వస్తువులకు తగిలి మరలివచ్చినప్పుడు తెరపై చుక్కగా చూపును. కాని ప్రతి చుక్కయు విమానము గాదు. పక్షుల గుంపులును చుక్కలుగా కనబడును. చల్లని గాలిపై వెచ్చని గాలిపొర నిలిచినప్పుడు తరంగములు నేలవైపు వంగి, నేలమీది వస్తువులనే యాకాశమున నున్నట్లు చూపును. 1952 జూలైలో వాషింగ్టను నగర విమానాశ్రయమున రెండు వారాంతముల రాత్రులయం దిట్టి తెలియని చుక్కలు కనబడగా, యుద్ధవిమానములను సయితము పంపి వెదకించిరి. గాలిపొరల తారుమారే కారణమని వైమానికదళమువారు పిదప తెలిపిరి.

మాయచుక్కవలని కీడు వెదకుటతో తీరదు. మాటిమాటికి మోసగించు హెచ్చరికపై విసుగు పుట్టును. గువాము ద్వీపమున, విమానము నేలకు మిక్కిలి చేరువైనచో గోపురమువారిని హెచ్చరించు సాధన మొకటి యుండెను. వ్యర్థపు హెచ్చరికలు మెండుగుటచే దానిని చాలవరకు పనిచేయకుండ నిలిపివేసిరి. 1997 ఆగస్టు 6వ తేదీని కొరియా దేశపు విమాన మొకటి యచ్చటి కొండను ఢీకొనగా 228 మంది మరణించిరి. విమానచోదకుని పొరపాటే ముఖ్యకారణ మైనను, ఆ సాధనము నిలిపివేయబడుటయు తోడ్పడిన కారణమని విచారణసంఘము తేల్చినది.

దృష్టి మరలుటకు మాయచుక్కయే యక్కరలేదు. 1991 ఫిబ్రవరి 1వ తేదీ సాయంకాలము లాస్ ఏంజిలిసు గోపురమున నొక స్త్రీ విమానముల రాకపోకలను నడపుచుండెను. ఆమె యొక చిన్న విమానమును పరుగుబాటపై నిలిచియుండుమని చెప్పినది. అంతలో వేరొక విమానము పిలిచినను పలుకకపోవుటచే నామె మనస్సటు మరలెను. బాటపై నిలిచినదానిని మరచి, అదే బాటపై మరియొక పెద్ద విమానమును దిగ ననుమతించెను. నేలమీది విమానములను చూపు రాడారు నాడు పనిచేయుట లేదు. రెండింటను గలసి 101 మంది యుండగా 35 మంది మృతినొందిరి.

ఆమె కన్నీటితో తీరు దోషము గాదిది. కాని విచారణసంఘమువా రామెపైననే భారము మోపక, ఒకరు మరచినచో మరియొకరు జ్ఞప్తి చేయు నేర్పాటు లేకుండుటయే మూలదోషమని నిర్ణయించిరి.

ఇందలి నీతి మన యిండ్లకును చెల్లును. ఒక్కరే పది పనులపై కన్నుంచవలసిన యింట పొరపాటు జరిగినప్పుడు, "ఎవరు మరచిరి?" యని యడుగుటకు ముందు, "రెండవ కన్నేల లేకపోయె?" నని యడుగుట న్యాయము.