పిండి కొద్దీ రొట్టె... పర్సు కొద్దీ లాప్‌టాప్

"నాన్నా, మళ్ళీ హ్యాంగ్ అయింది!"

2023 వేసవి సెలవుల్లో మా ఇంట్లో రోజుకు పదిసార్లు వినిపించిన మాట ఇది. సెప్టెంబరులో తెనాలిలో మా అమ్మ ఎనభయ్యో పుట్టినరోజు. "నానమ్మకు చీర మీరు కొనండి, సినిమా నేను చేస్తాను" అంది మా పద్నాలుగేళ్ళ అమ్మాయి. అత్తయ్యలు, బాబాయిలు, వాళ్ళ పిల్లలు అందరూ ఫోన్లలో శుభాకాంక్షలు తీసి పంపారు. వాటికి తోడు మా అల్మారాలో నాలుగు మినీ డీవీ టేపులున్నాయి. 2004లో అమ్మా నాన్నా టెక్సాస్‌కు మా దగ్గరికి వచ్చినప్పుడు తీసినవి. 2014లో నాన్న పోయారు. ఆయన గొంతు మాకు మిగిలింది ఆ టేపుల్లోనే.

ఇంట్లో లాప్‌టాప్ లేక కాదు. రెండేళ్ళ క్రితం కొన్నదే. సన్నగా, అందంగా ఉంది. "వీడియోలకు భేషుగ్గా పనికొస్తుంది" అన్నాడు అమ్మే అబ్బాయి. లోపల మెమరీ చూస్తే 8 జీబీ. పెంచుదామంటే అది బోర్డుకే అతికించేశారు, మార్చడానికి లేదు. పై మెరుగులు చూసి కొన్నది నేనే కాబట్టి ఎవర్నీ అనేదేం లేదు! ఇండియా టికెట్లు కొన్నాక ఇంకో లాప్‌టాప్ కోసం మేం పక్కన పెట్టగలిగింది 800 డాలర్లు. ఈసారి మాత్రం హోంవర్క్ చేసి గాని కొట్టు గడప తొక్కకూడదనుకున్నాం.

ముందు లెక్క, తర్వాత కొట్టు

అమ్మాయి కాగితం, పెన్సిలు తీసింది. ఫోన్లో సెకనుకు 30 ఫ్రేముల 4కె వీడియో తీస్తే ఐఫోన్ లెక్క ప్రకారం నిమిషానికి సుమారు 170 ఎంబీ. వచ్చిన క్లిప్పులు మూడు గంటలు, అంటే దాదాపు 30 జీబీ. మినీ డీవీ టేపు గంటకు సుమారు 13 జీబీ చొప్పున నాలుగింటికి 52. అంతా కలిపి 80 పైచిలుకు. దాంతో 256 జీబీ డిస్కు ఇరుకని, 512 చాలునని, ఒక టెరాబైటుకు అదనంగా పోయక్కర్లేదని తేలిపోయింది.

వంటింటి పాఠం

మా ఆవిడకు ఈ జీబీల గోల అర్థమయ్యేలా చెప్పడానికి వంటింటినే వాడుకున్నాను. ప్రాసెసర్ వంట చేసే మనిషి. డిస్కు సామాన్ల గది. మెమరీ వంటగట్టు. ఎంత చెయ్యి తిరిగిన వంటమనిషైనా గట్టు మీద చోటు లేకపోతే ఏం చేస్తుంది? గిన్నెలు దించుతూ, ఎక్కిస్తూ కూర్చుంటుంది. మా పాత లాప్‌టాప్ అవస్థ అదే. అందుకని మొదటి డబ్బు మెమరీకి: 16 జీబీ, అంతకు తగ్గొద్దు. తర్వాత తిరిగే పాత రకం హార్డ్ డిస్కు కాకుండా ఎస్‌ఎస్‌డీ.

ప్రాసెసర్ విషయంలో ఇంటెల్ కోర్ ఐ5 గాని, ఏఎండీ రైజెన్ 5 గాని సరిపోతాయి. ఫోన్ వీడియోలను బాగా కుదించి దాస్తారు కాబట్టి వాటిని విప్పడమే కంప్యూటర్‌కు పెద్ద పని. ఆ విప్పే పని కోసం ఇలాంటి చిప్పుల్లో ప్రత్యేక విభాగం ఉంటుంది. ఇక విడి గ్రాఫిక్స్ కార్డు. త్రీడీ హంగులు, భారీ ఎఫెక్టులు చేసేవారికి అది కావాలి. క్లిప్పులు కత్తిరించి, అతికించి, పేర్లు, పాట వేసుకునేవారికి చిప్పులో ఉన్న గ్రాఫిక్సే చాలు. మాకు డబ్బు మిగిలింది ఇక్కడే.

పట్టుచీర పరీక్ష

చాలామంది పట్టించుకోనిది తెర. పాత లాప్‌టాప్ మీద అమ్మ వంగపండు రంగు పట్టుచీర వెలిసిపోయినట్టు కనిపిస్తే, మా అమ్మాయి రంగు పెంచింది. టీవీలో పెట్టి చూస్తే అందరి మొహాలకూ పసుపు పూసినట్టుంది! తప్పు చీరది కాదు, తెరది. వివరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే రంగులు పాలిపోతాయి. "100 శాతం ఎస్ఆర్‌జీబీ"కి దగ్గరగా ఉన్నది వెతకండి.

రిహార్సల్ కిటుకు

ఇంతా చేసి, మాకు బాగా కలిసొచ్చింది కొనుక్కున్న వస్తువు కాదు, ఒక కిటుకు. మన సంఘం కార్యక్రమాలకు పిల్లలు రిహార్సల్‌లో మామూలు బట్టలే వేసుకుంటారు కదా, కాస్ట్యూములు వేదిక మీదే. ఎడిటింగ్‌లోనూ అంతే. పెద్ద 4కె ఫైళ్ళకు చిన్న నకళ్ళు చేయించుకుని, కత్తిరింపులన్నీ వాటి మీద చేసి, చివర్లో అసలు ఫైళ్ళతో సినిమా తయారు చేయిస్తారు. ఈ నకళ్ళను ప్రాక్సీలంటారు. ఉచితంగా దొరికే డావిన్చీ రిజాల్వ్‌లోనే ఈ సౌకర్యం ఉంది.

చివరికి 16 జీబీ మెమరీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న రైజెన్ 5 లాప్‌టాప్, వెనకేసుకోవడానికి ఒక టెరాబైటు బయటి డ్రైవు కలిపి బడ్జెట్‌లోనే వచ్చాయి. టేపుల కోసం మాత్రం ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత కంప్యూటర్‌ను ఒక మిత్రుడి గరాజ్ నుంచి తెచ్చుకున్నాం. గంట టేపుకు గంట పట్టింది. ఎవరం లేవలేదు.

కొనే ముందు మీరూ చూసుకోండి:

• మెమరీ తర్వాత పెంచుకోవచ్చా? లేకపోతే మొదటే 16 తీసుకోండి. మ్యాక్‌బుక్‌లలో తర్వాత పెంచడం కుదరదు.

• వాడినది కొంటుంటే విండోస్ 11 నడుస్తుందా? విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరులో ముగిసింది. ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం గాని, ఆ తర్వాతది గాని కావాలి.

• సినిమా తయారయ్యేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచండి. బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు నెమ్మదిస్తాయి.

• ప్రతి ఫైలుకూ రెండో కాపీ తప్పనిసరి.

సెప్టెంబరులో తెనాలిలో, భోజనాలయ్యాక, టీవీకి లాప్‌టాప్ తగిలించి అమ్మాయి సినిమా వేసింది. మనవలు, మనవరాళ్ళు వరసగా వచ్చి నవ్వించారు. తర్వాత టెక్సాస్‌లో మా పెరడు. నాన్న దొండపాదుకు పందిరి వేయిస్తూ నన్ను కేకలేస్తున్నారు: "కర్ర అట్టా కాదురా, కాస్త వంచి కట్టు. తీగె దానంతటదే పాకుద్ది."

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఇంకోసారి వెయ్యవే, తల్లీ" అంది.

మీ అల్మారాల్లోనూ ఇలాంటి టేపులు ఉండే ఉంటాయి. గొప్ప లాప్‌టాప్ కొన్నాక చూద్దామని వాయిదా వేయకండి. ఏటికేడాది టేపులు పాడవుతున్నాయి, వాటిని ఆడించే కెమెరాలు మూలబడుతున్నాయి. ఉన్న డబ్బుకు సరిపడేది చూసుకుని, ఈ సెలవుల్లోనే పిల్లల చేతికివ్వండి. మిగతాది వాళ్ళే చూసుకుంటారు.