ఈము ఫొటో ఎందుకు అలికినట్టు వస్తుంది?

ఈము పక్షి పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఆ దేశపు రాజచిహ్నంలో ఒకవైపు కంగారూ, మరొకవైపు ఈమూ నిలబడి ఉంటాయి. 1990ల చివర మన రాష్ట్రంలోనూ రైతులు ఈములను పెంచడం మొదలుపెట్టారు. గిరాకీ లేక 2012 ప్రాంతంలో ఆ వ్యాపారం కుప్పకూలింది. ఇప్పుడు మీరు దాన్ని చూడాలంటే జంతు ప్రదర్శనశాలకు వెళ్లడమే మేలు.

నిలబడి ఉన్న ఈమును ఫొటో తీయడం తేలికే. పరుగెత్తేదాన్ని తీసి చూడండి! గంటకు 50 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలదది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. అదే వేగం నిలుపుకోగలిగితే (నిలుపుకోలేదు లెండి) గంటలోపే చేరిపోయేది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. కెమెరా కన్ను, అంటే షట్టరు, సెకనులో 60వ వంతు సేపు తెరుచుకుందనుకోండి. ఆ కాస్త వ్యవధిలోనే పక్షి 23 సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. అందుకే బొమ్మ అలికినట్టు వస్తుంది. షట్టరు 1000వ వంతు సేపే తెరుచుకుంటే పక్షి జరిగేది ఒకటిన్నర సెంటీమీటరు లోపే. బొమ్మ స్పష్టంగా పడుతుంది.

అప్పుడు కూడా ఒక కాలు మాత్రం మసకగా కనిపించవచ్చు. ఎందుకో ఊహించగలరా? నేలమీద ఆనిన పాదం ఆ క్షణాన కదలదు. గాలిలో ఉన్న పాదం దాన్ని దాటి ముందుకు పోవాలి కదా! కాబట్టి అది ఒంటికంటె వేగంగా కదులుతుంది.

కంగారూను తీసేటప్పుడు మరో ఉపాయం ఉంది. అది గెంతి బాగా పైకి చేరిన క్షణంలో పైకీ కిందికీ కదలిక ఉండదు, ముందుకు మాత్రమే ఉంటుంది. కెమెరాను దానితోపాటు పక్కకు తిప్పుతూ మీట నొక్కితే సరి.

ఈముకు కుతూహలం ఎక్కువ. కొత్త వస్తువు కనిపిస్తే తానే దగ్గరికి వస్తుంది. మీరు కదలకుండా కూర్చుంటే చాలు.

ఇదే పద్ధతి అన్ని పక్షులకూ పనికివస్తుందనుకోకండి. నంద్యాల జిల్లాలోనే, నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు అభయారణ్యం ఉంది. బట్టమేక పిట్టను కాపాడడానికి 1988లో దాన్ని ఏర్పాటు చేశారు. బట్టమేక కూడా మీటరు ఎత్తుండే పెద్ద పక్షే, గడ్డి మైదానాల్లో తిరిగేదే. కాని మనిషంటే దానికి బెదురు. ఈము ఒక విడతలో 5 నుంచి 15 గుడ్ల దాకా పెడుతుంది. బట్టమేక సాధారణంగా ఒకే గుడ్డు, అదీ గూడు లేకుండా నేలమీదే పెడుతుంది. ఫొటో కోసం దగ్గరికి వెళితే తల్లి లేచి పోతుంది. ఆ సమయంలో ఏ కాకో నక్కో గుడ్డును కాజేస్తే ఆ ఏటి సంతానం పోయినట్టే. ఇప్పుడు దేశమంతటా కలిపినా ఈ పక్షులు రెండు వందలు లేవు. రోళ్లపాడులో ఇటీవలి సంవత్సరాలలో అది కనిపించడమే అరుదైపోయింది. అభయారణ్యంలో ఫొటోలు తీయాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

రోళ్లపాడులో కృష్ణజింకలూ ఉన్నాయి. కృష్ణజింక గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే, సెకనులో 1000వ వంతు సేపట్లో ఎంత దూరం జరుగుతుందో మీరే కట్టి చూడండి.