పనికి అక్కరలేని భాష, బ్రతుకుకు కావలసిన భాష
విదేశాల్లో ఇంటి నుండి పనిచేసే మన పిల్లలు స్పానిష్ ఎందుకు నేర్చుకోవాలి?

రాయలసీమ ముస్లిం కుటుంబాలకు విదేశీ భాష కొత్త విషయం కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ, కడప ప్రాంతాల నుండి కువైట్‌కు, సౌదీ అరేబియాకు వెళ్లిన డ్రైవర్లు, వంటవారు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు ఏ తరగతిలోనూ కూర్చోకుండానే అరబీ మాట్లాడగలిగారు. యజమాని చెప్పిన మాట అర్థం కాకపోతే ఆ రోజు పని సాగేది కాదు. అంగడివానిని అడగలేకపోతే ఉప్పూ పప్పూ ఇంటికి వచ్చేవి కావు. అందువల్ల పనే వారికి పాఠశాల అయింది. ఆరు నెలల్లో అక్కరకు వచ్చేటంత భాష, రెండేళ్లలో బేరమాడేటంత భాష అబ్బేది.

వారి పిల్లలు నేడు మరో దారిలో విదేశాలకు వెళుతున్నారు. నంద్యాలలోని ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివి, హైదరాబాదులోనో బెంగళూరులోనో కంప్యూటర్ ఉద్యోగంలో చేరి, ఆ ఉద్యోగాన్ని వెంటబెట్టుకుని మరో దేశంలో నివసించే వీలు ఈ తరానికి కలిగింది. కంపెనీ ఒక దేశంలో, జీతం ఇచ్చే బ్యాంకు మరో దేశంలో, మనిషి మూడో దేశంలో ఉండవచ్చు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. తండ్రికి పని భాషను నేర్పింది. కుమారునికి పని భాషను నేర్పదు. అతని పని అంతా ఇంగ్లీషులో, గది లోపల, తెర ముందు ముగిసిపోతుంది. గుమ్మం దాటితే మాత్రం ఊరంతా మరో భాష మాట్లాడుతూ ఉంటుంది. స్పెయిన్ ఇందుకు చక్కని ఉదాహరణ.

చట్టం అడగని అర్హత

2022 డిసెంబరులో స్పెయిన్ ప్రభుత్వం 28/2022 సంఖ్య గల చట్టాన్ని తెచ్చింది. ఇతర దేశాల కంపెనీలకు కంప్యూటర్ ద్వారా పనిచేసేవారు స్పెయిన్‌లో నివసించేందుకు ఈ చట్టం వీలు కల్పించింది. పనిచేసే కంపెనీ కనీసం ఒక ఏడాదిగా నడుస్తూ ఉండాలి. అభ్యర్థికి దానితో కనీసం మూడు నెలల అనుబంధం ఉండాలి. పట్టభద్రత గానీ, మూడేళ్ల అనుభవం గానీ చూపాలి. ఆ దేశపు కనీస వేతనానికి రెండింతల ఆదాయం ఉండాలి. భార్యాబిడ్డలను తీసుకువెళ్లేందుకు మరికొంత ఆదాయం చూపవలసి ఉంటుంది. రాయబార కార్యాలయం ఇచ్చే వీసా గరిష్ఠంగా ఒక ఏడాదికి, ఆ దేశంలోనే తీసుకునే నివాస అనుమతి మూడేళ్ల వరకు వర్తిస్తాయి.

ఈ అర్హతల జాబితాలో స్పానిష్ భాష లేదు. ఒక్క మాట రాకపోయినా వీసా వస్తుంది. అందుకే చాలామంది దానిని అక్కరలేని భాషగా భావించి విమానమెక్కుతారు. దిగిన మొదటి వారంలోనే దాని అవసరం తెలిసి వస్తుంది. ఇంటి చిరునామాను పురపాలక కార్యాలయంలో నమోదు చేయించాలి. దానికి ముందుగా సమయం కోరాలి. ఇంటి యజమానితో అద్దె ఒప్పందం చదివి సంతకం చేయాలి. జ్వరం వస్తే ఆరోగ్య కేంద్రంలో ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుండి అన్నది చెప్పాలి. ఫోన్‌లోని అనువాద యంత్రం కాగితాన్ని చదివి పెడుతుంది. కిటికీ అవతల కూర్చున్న గుమస్తా వేగంగా వేసే ఎదురుప్రశ్న దగ్గర అది తడబడుతుంది.

ముస్లిం గృహానికి మరొక అవసరం కూడా ఉంది. అంగడిలో కొన్న పొట్లం మీది చిన్న అక్షరాలు చదవగలగాలి. ‘థేర్దొ’ అంటే పంది. ‘ఖమోన్’, ‘తొథీనొ’ అన్నవి పంది మాంసపు రకాలు. ‘మంతేకా’ సాధారణంగా పంది కొవ్వు. అక్కడి సంప్రదాయ మిఠాయిలు కొన్నింటిలో ఇది కలుస్తుంది. ఈ నాలుగు మాటలు విమానం ఎక్కకముందే నోటికి రావలసినవి.

మన నోటికి దగ్గరి పలుకు

స్పానిష్ మనకు దూరపు భాష అని భయపడేవారు ఉన్నారు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకోబోతే అది దూరంగానే కనిపిస్తుంది. తెలుగు ద్వారా చూస్తే ఎంతో దగ్గరగా ఉంటుంది.

అందులోని అచ్చులు ఐదే. అవి మన అ, ఎ, ఇ, ఒ, ఉ లకు సన్నిహితమైనవి. రాసినది రాసినట్టే పలుకుతారు. త, ద అక్షరాలను వారు మనలాగే నాలుకను పళ్లకు ఆనించి పలుకుతారు. ఇంగ్లీషు అలవాటు కొద్దీ వాటిని ట, డ అని పలికితేనే వినేవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘పెరొ’ అని రకారాన్ని తేలికగా పలికితే ‘కాని’ అని అర్థం. అదే రకారాన్ని బండి ఱ లాగా అదిమి పలికితే ‘కుక్క’ అని అర్థం. మన పెద్దబాలశిక్షలో ర, ఱ రెండూ ఎందుకున్నాయో అక్కడ తెలిసి వస్తుంది.

ఖుర్ఆన్ పారాయణం శుద్ధంగా నేర్చుకున్న బిడ్డకు మరో సౌలభ్యం ఉంది. ఇంగ్లీషు వారు కష్టపడే స్పానిష్ గొంతు ధ్వని అరబీలోని ‘ఖా’ అక్షరానికి చాలా దగ్గర. స్పెయిన్‌లో అధిక భాగం వినిపించే నాలుక కొస ధ్వని అరబీ ‘సా’ అక్షరం, అంటే మూడు చుక్కల అక్షరం. మక్తబ్‌లో ఉస్తాద్ దిద్దించిన ఈ రెండు ధ్వనులు మాద్రిద్ వీధిలో అక్కరకు వస్తాయి.

వ్యాకరణంలోనూ బంధుత్వం కనిపిస్తుంది. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అని చెప్పనక్కరలేదు. క్రియ చివరే అది తెలుస్తుంది. స్పానిష్‌లో కూడా ‘ఆబ్లొ’ అంటే మాట్లాడుతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడుతావు, ‘ఆబ్లామోస్’ అంటే మాట్లాడుతాము. ‘నాకు టీ ఇష్టం’ అని మనం అంటాం. వారూ ‘మె గూస్తా ఎల్ తె’ అంటారు. అక్కడా ఇష్టం ‘నాకు’ కలుగుతుంది. నువ్వు, మీరు అన్న తేడా వారికీ ఉంది. ‘తూ’ అంటే నువ్వు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ మాటకు వేరే వివరణ అక్కరలేదు. ‘ఉస్తెద్’ అంటే మీరు. నామవాచకాలకు స్త్రీ, పుం భేదం ఉండటం కేవలం తెలుగు తెలిసిన వారికి కొంత కష్టం. ఉర్దూ వచ్చిన వారికి అదీ అలవాటైన సంగతే.

దూది, బియ్యం, ఫలానా

స్పెయిన్‌లో ముస్లిముల పాలన 711లో మొదలై 1492లో గ్రనడా పతనంతో ముగిసింది. ఆ సుమారు ఎనిమిది శతాబ్దాల కాలం స్పానిష్ భాషలో చెరగని ముద్ర వేసింది. ఊళ్ల పేర్లతో కలిపి దాదాపు 4,000 మాటలు అరబీ మూలం గలవని భాషావేత్తల అంచనా.

నంద్యాల ప్రాంతీయుల చేతికి ఎప్పుడూ తగిలే వస్తువులనే చూడండి. ఇక్కడి నల్లరేగడి భూముల్లో పండే పత్తిని అరబీలో ‘అల్ ఖుత్న్’ అంటారు; స్పానిష్‌లో అది ‘అల్గొదోన్’ అయింది. దూదేకులు, నూర్‌బాషా కుటుంబాలు తరతరాలుగా ఏకిన దూదికి అక్కడ అదే పేరు. కె.సి. కాలువ కింద పండే బియ్యాన్ని అరబీలో ‘అర్రుజ్’ అంటే వారు ‘అర్రోథ్’ అంటారు. చక్కెర ‘అథూకర్’, నారింజ ‘నరాంఖా’. పుచ్చకాయను వారు ‘సందీయా’ అంటారు. అంటే సింధు దేశానిది అని అర్థం. మన ఉపఖండం పేరు అక్కడి పండ్ల బండి మీద వినిపిస్తూ ఉంటుంది.

మరికొన్ని మాటలు మన ఇంటికే వచ్చి కూర్చున్నవి. పేరు చెప్పకుండా మనం ‘ఫలానా మనిషి’ అంటాం. వారు ‘ఫులానొ’ అంటారు. రెండూ ఒకే అరబీ మాట నుండి వచ్చినవి. మన ‘దివాణం’ అక్కడ ‘అదువానా’ అయి సుంకాల కార్యాలయమైంది. మన ‘ఖాజీ’ అక్కడ ‘అల్కాల్దె’ అయి నగర మేయరైనాడు. ‘ఖజానా’కు ధాతువైన మాట నుండే గిడ్డంగికి ‘అల్మథేన్’ అన్న పేరు వచ్చింది. ‘అలా జరిగితే ఎంత బాగుండును’ అనేందుకు స్పెయిన్ ప్రజలు నేటికీ ‘ఒఖలా’ అంటారు. అల్లాహ్ తలిస్తే అన్న అరబీ మాటే మతభేదం లేకుండా అందరి నోటా అలా నిలిచిపోయింది.

ఇల్లాలి భాష, బిడ్డల భాష

భాష లేని లోటు ఉద్యోగికన్నా అతని భార్యకు ఎక్కువగా తగులుతుంది. భర్తకు రోజంతా తెర మీద సహోద్యోగులు కనిపిస్తారు. ఆళ్లగడ్డ నుండి వెళ్లిన కోడలికి బిడ్డ బడి, పక్కింటివారు, వైద్యశాల, కూరగాయల అంగడి ఇవే లోకం. వాటన్నిటి భాష స్పానిష్. ఇంట్లో భాష నేర్చుకునే తరగతికి ఒక్కరికే వీలున్నప్పుడు ముందుగా ఆమెను పంపడం వివేకం.

పిల్లల సంగతి వేరు. స్పెయిన్‌లో 6 నుండి 16 ఏళ్ల వరకు చదువు నిర్బంధం. బడిలో చేరిన బిడ్డకు కొద్ది నెలల్లోనే భాష వచ్చేస్తుంది. అప్పుడు తల్లి వైద్యుని వద్దకు వెళితే బిడ్డే దుబాసీ అవుతాడు. తన ఒంటి బాధను తల్లి ఎనిమిదేళ్ల కొడుకు ద్వారా చెప్పుకోవలసి వస్తుంది. ఉపాధ్యాయుడు పిలిచి చెప్పిన ఫిర్యాదును ఆ కొడుకే తనకు నచ్చినట్లు అనువదిస్తాడు. ఇంట్లో పెద్దరికం చిన్నగా చేయి మారుతుంది. తల్లిదండ్రులు భాష నేర్చుకోవడంలో ఉన్న అసలు ప్రయోజనం ఇదే. అది వారి పెద్దరికాన్ని నిలుపుతుంది.

ఇంకోవైపు తెలుగు జారిపోతుంది. రెండేళ్ల తరువాత వీడియోలో నాయనమ్మ పలకరిస్తే మనవడు తలాడించి ఊరుకుంటాడు. ఇంటి లోపల తెలుగో ఉర్దూయో, గుమ్మం బయట స్పానిష్ అన్న నియమం పెట్టుకున్న ఇళ్లలో రెండు భాషలూ నిలుస్తాయి.

నేల కింద దొరికిన గ్రంథాలు

స్పెయిన్ చరిత్రే ఈ విషయంలో ఒక పాఠం చెబుతుంది. గ్రనడా పతనం తరువాత ముస్లిములను బలవంతంగా క్రైస్తవంలోకి మార్చారు. 1567లో గ్రనడాలో అరబీ మాట్లాడటాన్నే నిషేధించారు. అరగాన్ ప్రాంతపు ముస్లిములు అంతకు ముందే అరబీని మరచిపోయి స్పానిష్ మాట్లాడుతుండేవారు. తమ పిల్లలకు నమాజ్, ప్రార్థనలు, ప్రవక్తల గాథలు తెలియాలని వారు పిల్లలకు అర్థమయ్యే స్పానిష్ భాషలోనే గ్రంథాలు రాశారు. లిపి మాత్రం అరబీ. 1609 నుండి 1614 వరకు వారిని దేశం నుండి వెళ్లగొట్టారు. 1884లో అల్మొనాసీద్ అనే ఊరిలో ఒక పాత ఇంటిని పడగొడుతుండగా దొంగ నేల కింద దాచిన ఆ గ్రంథాలు బయటపడ్డాయి. ధర్మాన్ని తెలుగులో చదువుకుంటున్న మనకు ఆ తల్లిదండ్రుల ఆరాటం సులభంగానే అర్థమవుతుంది.

ఎలా మొదలుపెట్టాలి?

దైవప్రవక్త (స) ఆదేశం మేరకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల భాషను పదిహేను రోజుల్లో నేర్చుకున్నారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఉత్తరాలు చదవడం, రాయడం అనే స్పష్టమైన అవసరం ఆయన ముందు ఉంచబడింది. మనమూ అవసరాన్ని ముందు నిర్ణయించుకోవాలి. మొదటి నెల అంగడి, రెండో నెల వైద్యుడు, మూడో నెల బిడ్డ బడి అని విభజించుకుంటే చదువు చెదిరిపోదు.

హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధన ఉంది. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతొ థెర్వాంతెస్ ఢిల్లీ శాఖ కూడా తరగతులు నడుపుతుంది. ‘దెలె’ పరీక్షలు నిర్వహిస్తుంది. స్పెయిన్ చేరాక తక్కువ రుసుముతో నడిచే ప్రభుత్వ భాషా పాఠశాలలు ఉంటాయి. పదేళ్ల నివాసం తరువాత పౌరసత్వం కోరేవారు ‘దెలె’ రెండో స్థాయిలో ఉత్తీర్ణులు కావాలి. భారతదేశం రెండు పౌరసత్వాలను అనుమతించదన్న సంగతి అప్పటికి గుర్తుండాలి.

పని వేళలను కూడా ముందే లెక్కవేసుకోవాలి. స్పెయిన్ గడియారం మనకన్నా శీతకాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. హైదరాబాదు కంపెనీకి ఉదయం తొమ్మిదిన్నరకు హాజరు కావాలంటే అక్కడ శీతకాలంలో తెల్లవారుజామున ఐదు. అలాంటి ఉద్యోగికి మధ్యాహ్నం నుండి తీరిక దొరుకుతుంది. ఆ తీరికను మళ్లీ తెర ముందే గడిపితే ఏడాది గడిచినా భాష రాదు. అక్కడ మధ్యాహ్న భోజన విరామం సాధారణంగా రెండు గంటలకు మొదలవుతుంది. జుమా నమాజ్ కూడా ఇంచుమించు ఆ వేళకే. స్పెయిన్‌లో ముస్లిములు ఇరవై లక్షలకు పైగా ఉన్నారు. వారిలో మొరాకో మూలాలు గలవారు ఎక్కువ. వారి మస్జిదుల్లో వేర్వేరు దేశాల వారిని కలిపే ఉమ్మడి భాష కూడా చాలాసార్లు స్పానిష్‌యే. నమాజ్ ముగిశాక పక్కనున్న సోదరుని పేరు, ఊరు అడగడం మంచి మొదటి పాఠం.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండే రోజుకు అరగంట ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుంటే చాలు. తల్లిదండ్రులు ఇక్కడ సామాను సర్దేటప్పుడు పచ్చళ్లు, పొడులతోపాటు ఈ ప్రశ్న కూడా బిడ్డను అడగాలి: ‘అక్కడి వైద్యునికి నీ నొప్పి నీవే చెప్పగలవా?’